అన్నయ్య టీ తోటలోకి దిగిన ఇల్లు

రిజె జిల్లా కెస్తానెలిక్ గ్రామ కాపురస్తుడు, మరణించిన తాహిర్ యామచ్ రెండో కొడుకు, పూర్వం మినీబస్సు డ్రైవరు, ఇద్రిస్ యామచ్ అనే నేను, డెబ్భై తొమ్మిదేళ్ళ వయసులో, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా, వసారాలో కూర్చుని, సొంత చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిమితంగానే ఉంది. ఈ వయసువాళ్ళు వీలునామా రాస్తే డాక్టరు సంతకం కూడా జతచేయడం మంచిదని ఊరి పెద్ద సెల్మాన్ చెబితే, కొండ దిగి వెళ్ళి ఆ కాగితం కూడా తెచ్చుకున్నాను. ఆస్పత్రిలో చిన్న వయసు డాక్టరమ్మ నన్ను రెండు ప్రశ్నలడిగి, నవ్వి, ముద్ర వేసి ఇచ్చింది. నా భార్య పకీజె ఆ కాగితాన్ని వెలుతురులో పెట్టి చదివి, “పాపం, కొత్తగా ఉద్యోగంలో చేరినట్టుంది” అంది. కాగితం దీనికి జతచేశాను. పకీజె అభిప్రాయం జతచేయలేదు.

మా ఇంటిపేరు యామచ్ అంటే కొండవాలు. ఇంటిపేరే కొండవాలు అయినవాడు, ఇల్లు జారిపోయిందని ఊరందరి దగ్గరా మొత్తుకోకూడదు. నేను మొత్తుకున్నాను.

ఇందులో రాసినవి అమలు జరిపే బాధ్యత సెల్మాన్‌కి అప్పగిస్తున్నాను. ఇంతకుముందు ఎవరికైనా ఏదైనా ఇస్తానని టీ కొట్లో నోటిమాటగా అని ఉంటే, అవన్నీ దీనితో రద్దు. చాలా అని ఉంటాను. టీ కొట్టు అందుకే ఉంది.

1. ఇల్లు.

చెస్ట్‌నట్ కలపతో కట్టిన రెండు గదుల ఇంటిని, వసారా, పొయ్యి, ఉత్తరం వైపు పెద్ద కిటికీతో సహా, నేను ఎవరికీ ఇవ్వడం లేదు. ఇవ్వడానికి అది నాది కాదు. ఎందుకు కాదో వివరంగా రాయకపోతే ట్రాబ్‌జోన్‌లో ఉన్న నా కూతురు నెర్మిన్ వకీలు దగ్గరికి పరిగెత్తుతుంది. వకీలుకి ఇదంతా చెప్పినా నమ్మడు. అందుకని మొత్తం రాస్తున్నాను.

మా నాన్న పోయేముందు కొండవాలుని రెండుగా పంచాడు. రోడ్డుకి దగ్గరగా ఉన్న కింది సగం, టీ తోటతో సహా, మా అన్నయ్య నియాజీకి వచ్చింది. పై సగం నాకు. పైన కొన్ని హేజెల్ పొదలు, బోలెడు ఫెర్న్ మొక్కలు, పొగమంచు, వీటితోపాటు సముద్రం కనిపించే ఒక చదును. సముద్రం కనిపించడమంటే ఏడాదిలో వాన ఆగిన రోజు, ఆ రోజు కూడా మంచు తొలగితే. నాకు అది చాలనిపించింది. ఇల్లు కడితే ఆ చదునులోనే కట్టాలని పట్టుబట్టాను.

అన్నయ్య పైకి వచ్చి, మడమతో నేలని తొక్కి చూశాడు. బుడగలు వచ్చాయి.

“ఒరేయ్ ఇద్రిస్, ఈ నేల కింద ఊట ఉందిరా. ఇది ఇల్లు నిలిచే చోటు కాదు, కప్పలు కాపురం చేసే చోటు. కాస్త పక్కకి, ఆ రాతి దగ్గర కట్టుకో” అన్నాడు.

రాతి దగ్గర కడితే సముద్రం కనపడదు. పైగా ఆ మాట చెప్పింది అన్నయ్య. ఆయన చెప్పకుండా ఉంటే బహుశా నేనే ఆలోచించుకుని రాతి దగ్గర కట్టేవాణ్ణి. చెప్పాడు కాబట్టి ఇక దారి లేకపోయింది. చదునులోనే పునాది రాళ్ళు పేర్చాను.

అసలు గొడవ ఇది కాదు. మా వైపు పైన ఉండేవాళ్ళందరూ సామాను ఎక్కించడానికి రోడ్డు నుంచి ఇంటిదాకా ఇనుప తీగ లాగి, దానికి తొట్టి వేలాడదీస్తారు. నా తీగ రోడ్డు నుంచి రావాలంటే అన్నయ్య తోట మీదుగా రావాలి. అన్నయ్య ఒప్పుకోలేదు. తీగ నుంచి నూనె చుక్కలు ఆకు మీద పడతాయన్నాడు.

“నాన్న నీకు తోట ఇచ్చాడు, నాకు గాలి ఇచ్చాడు. ఇప్పుడు ఆ గాలి కూడా నీకే కావాలా?” అన్నాను.

“నా తోట మీద ఉన్నంతసేపు ఆ గాలీ నాదే” అన్నాడు.

అంతే. అక్కడితో మాటలు ఆగిపోయాయి. అప్పటికి నెర్మిన్ ఇంకా పుట్టలేదు. మళ్ళీ మేం మాట్లాడుకునేసరికి అది పెళ్ళి చేసుకుని ట్రాబ్‌జోన్‌లో కాపురం కూడా పెట్టేసింది.

మాట్లాడకపోయినా ఒకరి మొహం ఒకరు చూడక తప్పేది కాదు. లోయలో తిరిగే మినీబస్సు ఒక్కటే, అది నాది. అన్నయ్య సంతకి వెళ్ళాలన్నా, ఆస్పత్రికి వెళ్ళాలన్నా నా బస్సే ఎక్కాలి. వెనక సీట్లో కూర్చుని, ఛార్జీ చేతులు మార్చి ముందుకి పంపేవాడు. దిగాల్సినప్పుడు, “డ్రైవరు గారిని ఆ మలుపు దగ్గర ఆపమని చెప్పండి” అని పక్కవాళ్ళతో అనేవాడు. పక్కవాళ్ళు ముందువాళ్ళకి, ముందువాళ్ళు నాకు చెప్పేవాళ్ళు. నాకు మొదటిసారే వినపడేది. బస్సు అంతా చెప్పడం పూర్తయ్యేదాకా ఆగి, మలుపు దాటాక బ్రేకు వేసేవాణ్ణి. ఆయన వానలో వెనక్కి నడిచేవాడు. అద్దంలో చూసి ఎంత సంతోషపడేవాణ్ణో ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. పెళ్ళాం, పిల్ల గలవాడికి ఉండాల్సిన తెలివి కాదు అది.

ఆడవాళ్ళు మాత్రం మాతోపాటు మాటలు మానేయలేదు. పకీజె, మా వదిన హెదియె, కలిసి టీ ఆకు కోసేవాళ్ళు, కలిసి మొక్కజొన్న రొట్టె కాల్చేవాళ్ళు. నాకు తెలియదని వాళ్ళనుకునేవాళ్ళు. నాకు తెలియదని నేను కూడా అనుకునేవాణ్ణి. వదిన చేసిన రొట్టె మా ఇంట్లో తింటూ, “ఈ మధ్య నీ చెయ్యి తిరిగిందే” అని పకీజెని మెచ్చుకున్నది నాకు గుర్తుంది. ఆమె ఇంకో ముక్క తెచ్చి నా పళ్ళెంలో వేసింది.

నెర్మిన్ ట్రాబ్‌జోన్ వెళ్ళిపోయాక, ఒక ఏడాది శరదృతువులో వాన మొదలై ఆగలేదు. మాకు వాన కొత్త కాదు, కానీ ఆ వానకి పొయ్యి గొట్టంలోంచి కూడా నీళ్ళు వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం సెల్మాన్ మసీదు మైకు అందుకుని, పైన ఉన్న ఇళ్ళవాళ్ళందరూ కిందికి దిగి బంధువుల ఇళ్ళలో ఉండాలని చెప్పాడు. అందరూ దిగారు. పకీజె కూరగాయల నెపంతో అప్పటికే వదిన దగ్గర ఉంది. కొండ కింద నాకున్న బంధువు ఒక్కడే. అందుకని నేను దిగలేదు.

మైకు మళ్ళీ మోగింది. “ఇద్రిస్ మామా! నీకే చెప్తున్నా. ఊళ్ళో ఇంకెవరికీ చెప్పట్లేదు, నీ ఒక్కడికే. దిగు మామా!”

లోయ మొత్తం విన్నది. ఇక ఎలా దిగుతాను? పెనం మీద నెత్తళ్ళు గుండ్రంగా పేర్చి, మొక్కజొన్న పిండి చల్లి, వేపడం మొదలుపెట్టాను.

కాసేపటికి కళ్ళు తిరిగినట్టయింది. పెనం నా వైపు వాలింది. రక్తపోటు ఎక్కువైందనుకుని గోడకి ఆనుకుంటూ వెళ్ళి మాత్ర వేసుకున్నాను. మాత్ర పనిచేయలేదు. కిటికీలోంచి చూస్తే నా హేజెల్ పొదలు మెల్లగా కొండెక్కుతున్నాయి. కొండెక్కడానికి ఈ చెట్లకి వానాకాలమే దొరికిందా అనుకున్నాను. దిగుతున్నది నేనని తట్టడానికి కొంచెం సమయం పట్టింది. డాక్టరమ్మ ఈ భాగం చదవకపోవడం మంచిది.

ఇల్లు కూలలేదు. చెక్క ఇల్లు, పైగా తేలిక. నేల పొర ఒకటి మొత్తంగా ఊడి, పళ్ళెంలో పెట్టిన గిన్నెలాగా ఇంటిని మోసుకుని దిగింది. కొయ్య కీచుమంది, గిన్నెలు దొర్లాయి, ఒక గోడ పళ్ళు ఇకిలించింది. నేను పెనం పట్టుకుని నిలబడ్డాను. అల్లాని తలుచుకున్నానని ఇమాం గారికి చెప్పాను. నిజానికి నేను అరిచింది “పకీజె!” అని. ఆమెకి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది.

తర్వాత ఒక కుదుపు. అంతా ఆగిపోయింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి చూశాను. ఇల్లు అన్నయ్య తోట నడిమధ్యలో, టీ మొక్కల వరసల మీద, కాస్త పక్కకి వాలి కూర్చుంది. నా వసారా తిన్నగా ఆయన గుమ్మం వైపు తిరిగి ఉంది.

కొండ మీంచి ఇంకా మట్టి జారుతూనే ఉంది. అందరూ రోడ్డు వైపు పరిగెడుతున్నారు. ఒకే ఒక్క మనిషి ఎదురు వస్తున్నాడు. తలమీద టోపీ లేదు, చేతిలో పార ఉంది, తొడల దాకా బురద. పడుతున్నాడు, లేస్తున్నాడు. “ఇద్రిస్! ఒరేయ్ ఇద్రిస్! ఎక్కడున్నావురా?” అని కేకలు. ఆ గొంతు అన్నయ్యదని పోల్చుకోవడానికి నాకు క్షణం పట్టింది. ఆ గొంతు నా పేరు పలికి ఎన్నాళ్ళయిందో.

నేను కిటికీలోంచి తల బయటపెట్టి, “ఎందుకలా అరుస్తావు? చెవుడేం లేదు నాకు” అన్నాను. ఇన్నేళ్ళ తర్వాత అన్నయ్యతో అన్న మొదటి మాట అది. ఇంకా మంచి మాట ఏదైనా దొరికేదేమో. దొరకలేదు.

ఆయన పార వదిలేసి బురదలో కూలబడ్డాడు. చాలాసేపు అలాగే మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడ్చాడని నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆ వానలో ఎవరికి ఏం కనపడుతుంది? నాకు కనపడింది. తర్వాత లేచి, చుట్టూ చూసి, నా ఇంటి కింద నలిగిన టీ మొక్కల్ని చూసి, తిట్లు అందుకున్నాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఇద్దరం కలిసి కిటికీ చట్రం ఊడదీశాం. నన్ను చంకల కింద పట్టుకుని బయటికి లాగాడు. నా చేతిలో పెనం ఇంకా ఉంది. వాళ్ళ గుమ్మం దాకా తీసుకొచ్చేసరికి వదిన, పకీజె అక్కడ ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. పకీజె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “చేపలు మాడబెట్టావు, ఓ మనిషీ” అంది. అని, తిరిగి గోడ వైపు మొహం పెట్టుకుంది.

వదిన నా కాళ్ళ వైపు చూసింది. “మొత్తానికి మా గుమ్మం తొక్కావు కదా మరిదీ. ఆ బూట్లు బయట విప్పి లోపలికి రా.”

ఇల్లు అక్కడికి ఎలా వచ్చిందన్నది ఇంతవరకు. అది నాది కాకుండా ఎలా పోయిందో ఇక చెబుతాను.

వాన తగ్గాక కొలతల ఆఫీసు నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. మూడు కాళ్ళ యంత్రం పెట్టి ఒంటి కన్నుతో చాలాసేపు చూశాడు. “తాతా, మీ భూమి పైన ఎక్కడుండేదో అక్కడే ఉంది. కిందికి వచ్చింది మీ మట్టి మాత్రమే” అన్నాడు. పైకి వెళ్ళి చూసుకున్నాను. నా చదును ఉన్నచోట పెద్ద గొయ్యి, అందులో నీళ్ళు. హక్కు పత్రం ప్రకారం ఆ గొయ్యి నాది. నా ఇల్లున్న నేల అన్నయ్యది. నేల ఎవరిదో దాని మీది కట్టడమూ వారిదేనని ఆ కుర్రవాడే చెప్పాడు. చెప్పి, వదిన ఇచ్చిన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. మేమిద్దరం కొట్టుకుంటామని భయపడినట్టున్నాడు.

ఇల్లు విప్పదీసి, కొయ్యకి కొయ్య గుర్తుపెట్టి, పైన రాతి దగ్గర మళ్ళీ కడతానన్నాను.

“ఎవరి వీపు మీద మోయిస్తావు? మళ్ళీ మరదలి వీపు మీదేగా?” అన్నాడు అన్నయ్య. “ఉండరా ఇక్కడే. ఎలాగూ వచ్చేశావు.”

ఉండిపోయాం. వాలిన వైపు రాళ్ళు పెట్టి ఎత్తాడు, పగిలిన గోడకి తన చెట్టు కొట్టి పలకలు వేశాడు. పనిచేస్తున్నంతసేపూ నన్ను తిట్టాడు. నేను కూడా తిట్టాను. మేకు పట్టుకున్నది నేను, సుత్తి ఆయన చేతిలో ఉంది, కాబట్టి చూసుకుని తిట్టాను.

కొన్నేళ్ళు గడిచాక ఒక ఉదయం అన్నయ్య పండక్కి వేసుకునే కోటు వేసుకుని వచ్చి, “మరదల్ని తీసుకుని టౌనుకి వెళ్ళాలి, బండి తియ్యి” అన్నాడు. ఎందుకని అడిగితే కనుబొమ్మలు ఎగరేశాడు. ఇద్దర్నీ తీసుకెళ్ళాను. పెద్ద ఆఫీసు ముందు దించాను. నేను బండిలో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, వీళ్ళిద్దరూ నన్ను ఏ ఆస్పత్రిలో పడేయడానికి ఏర్పాటు చేస్తున్నారో అని ఆలోచించాను. బయటికి వచ్చేటప్పటికి పకీజె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అన్నయ్య ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు.

“ఇంటి కింద నేల విడగొట్టించి మరదలి పేరున రాశాను. నీ పేరున రాస్తే మళ్ళీ ఎటు తీసుకుపోతావో అని భయం” అన్నాడు.

“నన్ను ఒక్కమాట అడగక్కర్లేదా?”

“నీ ఇల్లు వచ్చినప్పుడు నన్ను అడిగిందా?”

బండి నడపడానికి ముందు కాసేపు అద్దాలు తుడిచాను. లోపలివైపు తుడవాల్సిన అవసరం లేదు, అయినా తుడిచాను.

కనుక సదరు ఇల్లు, సదరు నేల, నా భార్య పకీజె సొత్తు. నేను ఆమె దగ్గర కాపురం ఉన్నవాణ్ణి. నెర్మిన్, వకీలు అవసరం లేదమ్మా.

2. పైనున్న గొయ్యి.

దీని మీద నాకు సంపూర్ణ హక్కు ఉంది, ఎవరూ వాదానికి రారు. హద్దులు: తూర్పున వాగు. పడమర సెల్మాన్ వాళ్ళ హేజెల్ తోట. దక్షిణాన మిగిలిన కొండ, అదెంతకాలం అక్కడుంటుందో చెప్పలేను. ఉత్తరాన, దిగువగా, మా వాళ్ళ ఇళ్ళ కప్పులు, ఆ తర్వాత రోడ్డు, ఆ తర్వాత నల్లసముద్రం.

దీన్ని నీటితో, పుదీనాతో, కప్పలతో సహా నా కూతురు నెర్మిన్‌కి ఇస్తున్నాను. దాన్ని అమ్ముకోవచ్చు, కొనేవాడు దొరికితే నాకు కలలో చెప్పాలి. ఒక్కటే షరతు: అక్కడ ఏమీ కట్టకూడదు, గొడుగు కూడా పాతకూడదు. వాన లేని రోజు వచ్చి నిలబడి చూడవచ్చు. చిన్నప్పుడు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని అక్కడే నిలబడి, “అదిగో ఓడ” అనేవాణ్ణి. మంచులో నాకే ఏమీ కనపడేది కాదు. అది మాత్రం, “అవును నాన్నా, ఎర్రది” అనేది. నన్ను సంతోషపెట్టడం దానికి అప్పుడే తెలుసు.

ట్రాబ్‌జోన్‌లో లిఫ్టు ఉన్న ఇంట్లో నాకు గది ఇస్తానని పిలుస్తూ ఉంటుంది. కృతజ్ఞతలు. ఇల్లు కదలడం నాకు ఒకసారి చాలు. లిఫ్టంటే రోజూ కదలడమే.

3. మినీబస్సు.

చక్రాలు లేవు, యంత్రం లేదు, సీట్లలో వదిన కోళ్ళు కాపురం ఉంటున్నాయి. నేను జీవితంలో ఆ లోయ పైకీ కిందికీ తిరిగిన దూరం కలిపితే ఎన్ని దేశాలు దాటేవాణ్ణో టీ కొట్లో లెక్కలు వేసి చెప్పేవాణ్ణి. వాస్తవానికి పుట్టిన దగ్గర్నుంచి నేను ఈ తీరం దాటలేదు. ఒకసారి ఇస్తాంబుల్ బయలుదేరి, సామ్సున్‌లో పెద్ద బస్సు ఎక్కగానే వేరేవాడు నడుపుతుంటే చూడలేక, దిగి వచ్చేశాను. నేను చేసిన అన్నిటికంటే పెద్ద ప్రయాణం ఇంట్లో నిలబడి, పెనం పట్టుకుని చేసినదే.

బస్సు వదినకి. గుడ్లు ఎలాగూ ఆమెవే. హారను ఇంకా పనిచేస్తుంది, కోళ్ళు బెదురుతాయని నన్ను ముట్టుకోనివ్వదు.

4. మూడు తీగల కెమెన్చె.

సెల్మాన్‌కి. అతను వాయించలేడు. నేనూ వాయించలేను, కానీ ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పెళ్ళిళ్ళలో జనం నా పాటకి వేగంగా ఆడుతున్నారని మురిసిపోయేవాణ్ణి. త్వరగా ముగించాలని ఆడేవాళ్ళట. ఆ కెమెన్చెని గోడకి తగిలించి అలాగే ఉంచితే, మైకులో నా పరువు తీసినందుకు అతన్ని క్షమించినట్టే.

5. ఫిక్రికి ఏమీ లేదు.

టీ కొట్టు ఫిక్రి, ఇల్లు జారిన మరునాడే నాకు “లోడుతో దిగిన ఇద్రిస్” అని పేరు పెట్టాడు. ఇప్పుడు పక్క ఊరివాళ్ళకి కూడా నా అసలు పేరు తెలియదు. వీలునామాలో సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తిలో ఏదీ ఇవ్వకూడదని చట్టం ఉందట. అందుకే అతన్ని సాక్షిగా పెట్టాను.

6. పకీజెకి.

ఇల్లు ఇవ్వడానికి లేదు, నేల ఇవ్వడానికి లేదు. రేడియో ఎలాగూ ఆమె చేతిలోనే ఉంటుంది. నా పాత కోట్లు చూసి ఆమె ఎప్పుడో ముక్కు మూసుకుంది. కాబట్టి ఒక నిజం ఇస్తున్నాను. ఆ ఇంటి దూలాలు, పలకలు, కిటికీ అద్దం, పొయ్యి ఇనుము, అన్నీ రోడ్డు నుంచి పైదాకా నా వీపు మీద మోశానని నేను ఊరంతా చెప్పుకున్నాను. తీగ లేకపోయినా ఇల్లు కట్టిన మొనగాణ్ణని విందుల్లో గొంతు పెంచాను. మోసింది పకీజె. వీపు బుట్టలో, నడుముకి తాడు బిగించి, కడుపులో నెర్మిన్‌తో, ఎక్కుతూ దిగుతూ మోసింది. నేను ముందు నడిచి, దారి జారుడుగా ఉందని చెబుతూ ఉండేవాణ్ణి. జారుడుగా ఉందని ఆమెకి తెలుసు.

ఈ అంశాన్ని నా మరణానంతరం టీ కొట్లో, జనం నిండుగా ఉన్నప్పుడు, ఫిక్రి నిలబడి పెద్ద గొంతుతో చదవాలి. ఎవరైనా నవ్వితే మళ్ళీ మొదటి నుంచి చదవాలి.

పకీజె ఇప్పుడే వచ్చి నా భుజం మీదుగా ఈ అంశం చదివింది. “చావడం దాకా ఆగడం ఎందుకు? రేపు నువ్వే చదువు” అంది. వీలునామా అలా ఉండదని చెప్పాను. “నీకు భయం” అంది. నిజమే. రేపు చదువుతాను.

7. నా శరీరం.

అన్నయ్య కిందటి వసంతంలో పోయాడు, టీ మొదటి కోత రోజుల్లో. ఉదయం నాతో పోట్లాడాడు, మా వసారా నీళ్ళు ఆయన వరసల్లోకి పోతున్నాయని. మధ్యాహ్నం కత్తెర పట్టుకుని మొక్కల మధ్య కూర్చున్నాడు, లేవలేదు. నేనే మొదట చూశాను. విశ్రాంతి తీసుకుంటున్నాడనుకుని, నీళ్ళ సంగతిలో నాకు తట్టిన కొత్త వాదనలు చాలాసేపు చెప్పాను. మధ్యలో అడ్డు రాలేదు. ఆయన అడ్డు రాకుండా విన్నాడంటే నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

మా వైపు పద్ధతి ప్రకారం ఆయన్ని తన తోటలోనే, మా రెండిళ్ళ పైన, వాలు మీద పాతిపెట్టాం. నేను రోజూ అక్కడికి వెళ్తాను. ఆ నీళ్ళకి కాలువ తవ్వాను, ఇప్పుడు మళ్ళిపోతున్నాయి. ఆ సంగతి ఆయనకి చెప్పాను.

నన్ను ఆయన పక్కనే పాతిపెట్టాలి. వదినని అడిగాను. “నీ ఇంటికే చోటిచ్చాం, నీకివ్వమా?” అంది. చోటు విషయంలో సెల్మాన్ జాగ్రత్తగా చదువుకోవాలి, ఎందుకంటే ఇమాం గారు, నెర్మిన్, నన్ను అన్నయ్యకి పైవైపున ఉంచుదామంటున్నారు. అక్కడ నేల చదునుగా ఉందట. నాకు చదునుల సంగతి చెప్పకండి. పైన ఉంచితే, ఎప్పుడో ఒక వానాకాలం నేను మళ్ళీ ఆయన మీదికి దిగుతాను. జీవితంలో ఒకసారి చేశాను, అది చాలు.

నన్ను కింది వైపున పాతండి, ఆయన కాళ్ళకి తిన్నగా. ఈ కొండ ఊరికే ఉండదు. ఈసారి దిగి రావడం అన్నయ్య వంతు. నేను ఇంట్లోనే ఉంటాను.

పైన రాసినవన్నీ నా ఇష్టప్రకారం రాసినవే. కొట్టివేతలు మూడుచోట్ల ఉన్నాయి, అవి నావే. ఒకచోట మరక ఉంది, అది టీ.

కెస్తానెలిక్, అక్టోబరు తొమ్మిది, రెండువేల పద్దెనిమిది. బయట చినుకులు పడుతున్నాయి.

(సంతకం) ఇద్రిస్ యామచ్

సాక్షులు:

యూనుస్ హొషాఫ్, ఊరి మసీదు ఇమాం. చదివాను. పైవైపున చదును నిజంగానే గట్టిది. అయినా ఆయన ఇష్టం.

ఫిక్రి దెమిర్జాన్, టీ కొట్టు యజమాని. చదివాను. ఆరో అంశం నా గొంతుతో బాగా చదువుతాను. నవ్వను.